పాలలో పాలు



మన భాషలో 'పాలు' అను మాటకు రెండర్థములు గలవు. ఒకటి క్షీరము, రెండవది భాగము. పాఠశాలలో నానార్థములు చెప్పునపుడు ఈ మాటను నేను పిల్లలచేత ఎన్నిమారులు వల్లె వేయించితినో లెక్కలేదు. అయినను ఆ రెండర్థములకును నడుమ గల చుట్టరికము నాకు పుస్తకమున దెలియలేదు. మా యూరి పాలసంఘము మూతపడిన పిదప తెలిసినది.

నేను వర్తకుడను గాను. లెక్కల పంతులను గూడ గాను. ముప్పదియేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనై సంధులు సమాసములు చెప్పి, ఉద్యోగము విరమించి యింట గూర్చున్నవాడను. ఇట్టివానికి పాడి సొమ్ముతో నేమి పని యని మీకు దోచవచ్చును. మా చావిడిలో నేటికిని రెండు గేదెలు గలవు. ఒకటి పాడిలో నున్నది, ఒకటి చూడిది. అదిగాక, గడచిన మాఘమాసమున మా యూరి రచ్చచావడిలో నన్నొక ప్రశ్న యడిగిరి. ఆనాడు తడబడితిని. ఆ ప్రశ్న మీ యూళ్లలోను వచ్చియుండును, లేదా రేపు వచ్చును. కావున ఈ పూట దానినే విప్పి చెప్పదలచితిని.

జరిగిన దిది. చదువుకొనిన పడుచువాండ్రు నలుగురు మా యూర మరల పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము పెట్టవలెనని పూనుకొనిరి. ఇంటికి ఐదువేల రూపాయలు వాటా. పాలు తూచు యంత్రము, వెన్నశాతము చూచు యంత్రము, పాలు చల్లబరచు తొట్టికి మొదటి కిస్తు, చేతిలో నుండవలసిన రొక్కము, అన్నియు ఆ వాటాలనుండియే రావలెను. పెద్దలు గూర్చుండిరి. ఒకరు, "ఈ యైదువేలకు ఏటి కెంత వచ్చును?" అనిరి. ఒకరు, "ప్రైవేటువారు మొన్ననే లీటరునకు మూడు రూపాయలు పెంచిరి గదా, ఇప్పుడు సంఘమేల?" అనిరి. ఇంకొకరు, ఉద్యోగము చేసి వచ్చినవారు, "వడ్డీ యిత్తురేని రెండు లక్షలు వేసెదను" అనిరి. అంత నందరును నావైపు దిరిగి, "పంతులుగారూ, మీరేమందురు?" అనిరి. నేను తలవంచుకొంటిని.

ఏలయనగా, 1998లో మా పాత సంఘము చచ్చుటలో నాకును పాలు గలదు. ఇది త్రాగెడి పాలు గాదు.

అప్పటి సంఘమునకు ఒక పెంకుటిల్లు, ఒక త్రాసు, వరుసగా పరీక్షగొట్టములు, ఒక కార్యదర్శి. పూటపూటకు ఊరివారు పాలు తెచ్చి పోయుదురు. పదునైదు దినములకొకసారి పైకము. ఆ యేటి వేసవిలో చెరువుగట్టున వేపచెట్టు క్రింద ఒక ప్రైవేటు పాలకేంద్రమువారి మనిషి బల్ల వేసికొని కూర్చుండెను. సంఘముకంటె లీటరునకు రూపాయిన్నర హెచ్చు. వారము వారము రొక్కము. మొదట చేరిన ఇరువది యిండ్లకు తలకొక స్టీలు బకెట్టు. మొదటివారము పదియిండ్లు పోయినవి. నెల తిరుగకమునుపే సగమూరు పోయినది. నాకు జీతము గలదు, ఒక్కటే గేదె, ఆ రూపాయిన్నర లేక నా యింట పొయ్యి యారదు. అయినను నెలాఖరువఱకు సంఘమున బోసి, నలుగురితో పాటు నారాయణా యని నేనును వేపచెట్టు క్రిందికే పోయితిని. బకెట్టు మాత్రము రాలేదు. అప్పటికే ఇరువదియును అయిపోయినవి.

రెండు క్యానుల పాలకై బండి రాదు. బండి రానిచోట సంఘము నిలువదు. పదునాలుగు నెలలలో తలుపు మూసిరి. కార్యదర్శిగారు ఇల్లిల్లు తిరిగి ఎవరి వాటా పైకము వారికిచ్చి చేవ్రాలు చేయించుకొనిరి. మా యింటికిని వచ్చిరి. నా చేతిలో పైకము పెట్టి, పుస్తకము ముందుకు జరిపిరి. ఒక్క మాట యనలేదు. అన్నచో బాగుండెడిది.

ఆ మీదట కార్తికము వచ్చినది. వానలకు గడ్డి మొలిచి, గేదెలన్నియు నొక్కసారి యీని, ఊరంతయు పాలే. వేపచెట్టు క్రింది మనిషి ముందు రూపాయి తగ్గించెను, పిదప రెండు. ఆ వెనుక, మార్పేమియు లేని గేదె పాలలో వెన్నశాతము తగ్గుట మొదలయ్యెను. సంక్రాంతికి మూడు దినములు పాలే తీసికొనలేదు. అడిగినచో, "పైవారి మాటండి" యని మర్యాదగానే చెప్పెను. వాని తప్పేమున్నది? జీతగాడు. తప్పు మాది. ఏరు దాటి తెప్ప తగులబెట్టుకొంటిమి; మరల ఏరు వచ్చునని తలపలేదు. ఆ మూడు దినములు ఆడవారు కుండలకొలది తోడుపెట్టిరి, చల్ల పంచిరి, మిగిలినది దూడలకు బోసిరి.

పాల ధర ఏల ఇట్లు ఊగును? ధాన్యము గాదెలో నుండును. మిరప శీతలగిడ్డంగిలో నుండును. పాలు పూట దాటిన విరుగును. అమ్మువాడు ఆగలేడు, కొనువాడు ఆగగలడు. బేరమంతయు అందే యున్నది. దీనికి తోడు గేదె ఋతువు ననుసరించి యీనును. మన ప్రాంతమున వానకాలము చివరనుండి శీతకాలమంతయు పాలు పొంగును. ఎండలు ముదిరిన కొలది వట్టిపోవును. పట్టణమువాడు త్రాగెడి కాఫీ మాత్రము పండ్రెండు నెలలును నొక్కటే. కావున శీతకాలపు మిగులును పొడిగాను వెన్నగాను మార్చి దాచి, వేసవిలో మరల కలిపి పాలు చేయవలెను. పొడిచేయు యంత్రము, దాచు గిడ్డంగి, అన్ని నెలలు సొమ్ము చిక్కుపడినను ఓర్చు బలము ఎవరికి గలవో వారి చేతిలో ధర యుండును.

ఆ పొడికిని ఒక లోకపు ధర గలదు. న్యూజిలాండు దేశము తన పాలలో హెచ్చుభాగమును పొడిగాను వెన్నగాను మార్చి పరదేశముల కమ్మును. అక్కడి పొడి వేలము మాసమునకు రెండుసార్లు జరుగును. అచట ధర పడినచో మన పొడి నోడ కెక్కించువాడు లేక గిడ్డంగులు నిండును. గిడ్డంగి నిండిన వర్తకుడు పల్లెలో ధర కోయును. 2017, 2018 సంవత్సరములలో నట్లే జరిగినది. 2018 జూలైలో మహారాష్ట్రమున రైతులు రోడ్లపై పాలు పారబోసిరి. పత్రికలలో బొమ్మలు మీరు చూచియుందురు. 2020లో మహమ్మారి వలన కాఫీహోటళ్లు, మిఠాయి దుకాణములు మూతపడగా పాలకు గిరాకి పడినది. 2022లో గడ్డల చర్మవ్యాధి ఆవులను పొట్టన బెట్టుకొనినది. ఆ వెనుక 2023లో ధరలు ఎగిసినవి. ఇన్ని త్రిప్పటలలో మీ గేదె చేసిన తప్పు గాని, మీరు చూపిన ప్రజ్ఞ గాని ఏమియు లేదు.

ఈ చిక్కును మొదట విప్పినవారు గుజరాతుదేశపు ఖేడా జిల్లా రైతులు. ఆ కథ కొంత నిదానముగా జెప్పెదను. దానియందు మన ప్రశ్నకు జవాబు గలదు.

1945లో బొంబాయి ప్రభుత్వము ఆ మహానగరమునకు ఆనందు ప్రాంతమునుండి రైలుమీద పాలు తెప్పించు నేర్పాటు చేసినది. పాలు కొని శుద్ధిచేసి పంపు హక్కు పోల్సను అను నొక్క వర్తకసంస్థకే దక్కెను. నగరమున పాల ధర మంచిది. పల్లెలో రైతునకు ముట్టునది వేరు. రైతులు సర్దార్ వల్లభభాయి పటేలు గారికి మొఱ పెట్టుకొనిరి. పాలు మీవి గాన సంఘముగా గూడి మీరే పంపుడని వారి సలహా. అందుకై కొన్నాళ్లు పాలమ్మక నష్టపడుటకు సిద్ధమా యని గూడ నడిగిరట. 1946 జనవరి 4వ తేదీన సమర్ఖా గ్రామమున సభ జరిగెను. మొరార్జీ దేశాయి గారు వచ్చిరి. ఊరూరను సంఘము, అన్నిటికిని గలిపి యొక జిల్లా సమాఖ్య, ప్రభుత్వము దానివద్ద కొనవలెను, కొననిచో వర్తకునకు చుక్క పాలు పోయరాదు. అది తీర్మానము. ప్రభుత్వ మొప్పుకొనలేదు. పదునైదు దినములు వర్తకునకు చుక్క పాలు పోయలేదు. బొంబాయి యేర్పాటు కూలబోవునట్లుండగా అధికారులు దిగివచ్చిరి. 1946 డిసెంబరు 14వ తేదీన ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సమాఖ్య రిజిస్టరైనది. నేడు అమూల్ అనునది ఆ బిడ్డయే. త్రిభువన్‌దాసు పటేలు గారు దాని నాయకులు. 1949లో ఆనందునకు వచ్చిన కురియన్ గారు పిదప దాని నిర్వాహకులు.

ఈ కథను సమ్మెతో ఆపి చప్పట్లు కొట్టుట అందరును చేయుదురు. నాకు ముఖ్యముగా దోచునది తరువాతి కాండ. 1948 జూన్‌లో బొంబాయికి పాలు పంపనారంభించునాటికి వారికున్నవి రెండు గ్రామసంఘములు. దినమునకు పాలు రమారమి 250 లీటర్లు. సంఘములు పెరిగినకొలది వారికిని మన కార్తికమే యెదురైనది. శీతకాలమున పాలు ఇంచుమించు రెట్టింపగును. బొంబాయివారు అంతయు కొనలేమనిరి. వర్తకుడైనచో సంక్రాంతి సెలవిచ్చెడివాడు. సంఘము సభ్యునకు సెలవియ్యలేదు. సభ్యుడే యజమాని గదా. కావున పొడియంత్రము పెట్టవలసి వచ్చినది. బఱ్ఱెపాలు పొడికి రావని పాశ్చాత్య దేశముల నిపుణులు నమ్మియుండిరి. దలాయా గారను ఇంజనీరు వచ్చునని చేసి చూపెను. ఐక్యరాజ్యసమితివారి బాలల నిధి, న్యూజిలాండు ప్రభుత్వము చేయూతనిచ్చినవి. 1955 అక్టోబరులో ఆ కర్మాగారమును జవాహర్‌లాల్ నెహ్రూ గారు ప్రారంభించిరి. ఆనాటినుండి ఖేడా రైతునకు శీతకాలము భయము పోయినది. ఆ యంత్రములోనికి పోయిన సొమ్ములో రైతు వాటా గలదు. ఆ వాటాపై వానికి వచ్చిన లాభమేదియని యడిగిన, ఏటి చివర నిచ్చిన డివిడెండు గాదు. జనవరిలో త్రిప్పిపంపని క్యాను.

ఇపుడు మా రచ్చచావడి మొదటి ప్రశ్నకు వత్తము. "ఐదువేలకు ఏటి కెంత వచ్చును?" వాటాపైని వచ్చునది స్వల్పమే. సహకార ధర్మమున వాటాసొమ్మునకు లాభాంశము హద్దులో నుండవలెను. మిగులులో కొంత నిలువనిధికి బోవలెను. తక్కినది ఎవరెన్ని పాలు పోసిరో ఆ లెక్కను బోనసుగా పంచవలెను. ఇంగ్లండున రాచ్‌డేలు పట్టణమున 1844లో ఇరువదియెనమండుగురు తమ అంగడికి బెట్టుకొనిన నియమము నిట్టిదే. అందు కొనుగోలును బట్టి పంచిరి. ఇందు పోసిన పాలను బట్టి పంచుదురు. కనుక పాలు పోయనివాడు వడ్డీకై ఇచట సొమ్ము పెట్టుట, గొడ్డుగేదెకు తవుడు పెట్టుటవంటిది. రెండు లక్షలు వేసెదనన్నవారికి నేను పిదప నిదియే చెప్పితిని.

పాలు పోయువానికో? కాగితము తీసికొనుడు. ఒక గేదె. శీతకాలమున 160 దినములు, దినమునకు రెండు పూటలును గలిపి 7 లీటర్లు: 1,120 లీటర్లు. వేసవిని 120 దినములు, దినమునకు 4 లీటర్లు: 480 లీటర్లు. ఏటికి 1,600 లీటర్లు. వేసవిలో ప్రైవేటువారు సంఘముకంటె లీటరునకు 3 రూపాయలు హెచ్చు ఇచ్చిరి. మీకు గలిసివచ్చినది 1,440 రూపాయలు. సంఘము చచ్చినదనుకొనుడు. శీతకాలమున ఆ ప్రైవేటువారే లీటరునకు 4 రూపాయలు తక్కువ ఇచ్చిరి. మీకు పోయినది 4,480 రూపాయలు. ధర పెరిగిన నాడు బిందెలో పాలుండవు. బిందె నిండిన నాడు ధర యుండదు. 1998లో నేను రూపాయిన్నరను లీటరుమీద చూచితిని గాని లీటర్లను నెలలమీద చూడలేదు. సమాసమును విడదీయుట నేర్చినవానికి ఏడాదిని విడదీయుట రాలేదు.

దీనికంటె పెద్ద లెక్క యొకటి కలదు. దానిని పెద్దలు తఱచుగ గమనింపరు. గేదెపాలకు ధర వెన్నశాతమును బట్టి కట్టుదురు. మాటవరుసకు కిలో వెన్నకు 800 రూపాయలనుకొందము. లీటరు పాలు సుమారు 1,030 గ్రాముల బరువు. మీ గేదె పాలలో వెన్న 7 శాతముండగా యంత్రము ఆరున్నర యని చూపినచో, లీటరునకు 5 గ్రాముల పైచిలుకు వెన్న మాయము. దాని వెల 4 రూపాయల 12 పైసలు. 1,600 లీటర్లకు లెక్కించిన 6,500 రూపాయలు దాటును! మీ వాటా ఐదువేలే. అనగా ఆ యంత్రము అరశాతము అబద్ధమాడినచో ఏటికొక వాటాకు మించి పోవుచున్నది. నిజమాడినచో ఏటికొక వాటాకు మించి మిగులుచున్నది. ఆ యంత్రమెవరిది, దానిని సరిచూచు వాడెవడు, ఇదియే వాటాకు అసలు ఫలము. పూర్వము గెర్బరు పద్ధతిని గాజుగొట్టములో పాలకు ఆమ్లము చేర్చి గిరగిర త్రిప్పి, పైకి దేలిన వెన్నను గీతలమీద కన్నులార చూచెడివారము. నేటి విద్యుద్యంత్రము క్షణములో అంకె చెప్పును. గాని దానిని అప్పుడప్పుడు ఆ పాతపద్ధతితో సరిపోల్చి సవరింపకున్న తప్పు చెప్పును. ఒక చిన్న యుపాయము జెప్పెదను. ఒకే గేదె పాలను బాగుగ కలియబెట్టి రెండు గిన్నెలలో బోసి, ఇద్దరి పేర వేఱువేఱుగ పోయించి చూడుడు. రెండంకెలును సరిపోయినచో సంతోషము. సరిపోకున్న, యంత్రమును సవరించుడని నలుగురియెదుట అడుగుడు. సంఘమైనచో అట్లడుగుటకు మీకు హక్కు గలదు. వేపచెట్టు క్రింద లేదు.

ఇంతమాత్రమున ప్రతి సంఘమును నమ్మి సొమ్ము పెట్టుమని నేననను. బఱ్ఱె నీళ్లలో నుండగా బేరమాడరాదు. బయటికి తోలించి, పండ్లు చూచి, పాలు పిదికి చూడవలెను. సంఘమును గూడ నంతే. మొట్టమొదట అడుగవలసినది, "సంక్రాంతినాటి పాలెక్కడికి పోవును?" అని. ఒంటిగ్రామపు సంఘమునకు పొడియంత్రముండదు, ఉండనక్కరలేదు. కాని యది గల జిల్లా సమాఖ్యతోనో, మరియొక పెద్ద సంస్థతోనో, మిగులుకాలపు పాలు గూడ తీసికొందుమని వ్రాతమూలకమైన ఒడంబడిక యుండవలెను. మా పడుచువాండ్రు మొదట దీనికి జవాబు చెప్పలేకపోయిరి. నెలదినములు తిరిగి తెచ్చిరి. ఆ కాగితమును నేను రెండుమారులు చదివితిని. ఒకచోట "వీలునుబట్టి" యని యున్నది. ఆ మాట కొట్టివేయించితిమి. వ్యాకరణము ఈ మాత్రమునకు పనికివచ్చినది.

చట్టము మాట. 1964 నాటి సహకార చట్టము క్రింద రిజిస్టరైన సంఘములపై ప్రభుత్వపు చేయి హెచ్చు. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘముల చట్టమున ప్రభుత్వ వాటా లేదు. సభ్యులు తమ సొమ్ముతో తామే నడుపుకొందురు. 2002లో కంపెనీల చట్టమునకు చేసిన సవరణతో ఉత్పత్తిదారుల కంపెనీలును వచ్చినవి. ఏ పేరైనను కానిండు. వాటాలెన్ని యున్నను మనిషికి ఓటొక్కటేనా, ఏటేటా లెక్కలు బయటివానిచేత తనిఖీ యగుచున్నవా, మహాజనసభలో ఆ లెక్క చదువుచున్నారా, వాటా వెనుకకు దీసికొనదలచిన నిబంధన లేమి, ఇవి చూచికొనుడు. ఒక్క సంగతి మరువవలదు. బ్యాంకులో వేసిన డిపాజిట్టునకు బీమా గలదు. 2020లో దానిని ఐదులక్షలకు బెంచిరి. పాలసంఘమున వేసిన వాటాకు అట్టి బీమా లేదు. కావున పోయినను పొయ్యి యారనంత సొమ్మే పెట్టవలెను. పొలము తాకట్టు పెట్టియు, పిల్ల పెండ్లికి దాచిన దానిలోనుండియు వలదు. వాటాకై అప్పు చేయుట అప్పుచేసి పప్పుకూడు తినుట యంతటిదే. ఆ సొమ్ముతో గేదెకు నాలుగు బస్తాల తెలకపిండి తెచ్చుట మేలు.

సహకారమనగానే శాశ్వతమని భ్రమపడరాదు. చిత్తూరు జిల్లాలోని సహకార డెయిరీ ఒకప్పుడెంత పేరు గన్నదో మీరెరుగుదురు. 2002లో మూతపడినది. కారణములను గూర్చి వాదములు పెక్కు, నేనందు జొరబడను. దానిని మరల తెరచుటకు శంకుస్థాపన జరుగుట 2023లో. ఇరువదియొకటి యేండ్లు! చిత్రమేమనగా, అదే 2002లో తెలంగాణమున ముల్కనూరు నందు ఆడువారు తమ పాలసమాఖ్యను నెలకొల్పిరి. ఆ యూర 1956లోనే విశ్వనాథరెడ్డి గారు సహకార పరపతి సంఘమును స్థాపించియుండిరి. ఆ చుట్టుపట్ల స్త్రీలు అంతకుముందే పొదుపు సంఘములు నడిపి, పైస పైస లెక్క వ్రాయ నేర్చియుండిరి. ఆ నేర్పుతో డెయిరీకి వచ్చిరి. 1995 చట్టము క్రిందనే రిజిస్టరు చేసికొనిరి. దానికి 'స్వకృషి' యని పేరిడిరి. సభ్యులందరును స్త్రీలే. పేరు పెట్టినవా రెవరో గాని భాష తెలిసినవారు.

ఇచట నొక మాట. మన యిండ్లలో తెల్లవారుజామున లేచి చావిడి యూడ్చునది, కుడితి పెట్టునది, పాలు పిదుకునది ఎవరు? వాటా కాగితముమీద పేరెవరిది? 1998లో వేపచెట్టు క్రిందికి పోవలెనని నిశ్చయించినవాడను నేను. మా యింటిది, "పూటకు పావలా తేడాలకు పెట్టిన చెయ్యి విడుతుమా?" యన్నది. వినలేదు. సంక్రాంతి మూడు దినములు తోడుపెట్టినదియు, చిలికినదియు ఆమెయే. ముల్కనూరి సంగతి తెలిసిన మీదట, ఆ మాట ఊరివారందరు ఆడువారి నోట వినియుండినచో మా సంఘము బ్రదికెడిదేమో యని నాకు దోచుచుండును.

రెండవ ప్రశ్న మిగిలినది. "ప్రైవేటువారు మూడు రూపాయలు పెంచిరి గదా, సంఘమేల?" వారెందుకు పెంచిరో విచారింపుడు. మా యూర సంఘపు మాట పుట్టిన పదవనాడు పెంచిరి. ప్రైక్కయూర సంఘము మాట లేదు, అక్కడ పెంచలేదు. అనగా పుట్టని సంఘమే మాకు మూడు రూపాయలిచ్చినది. సంఘమున పాలు పోయని యింటికి గూడ నిచ్చినది. ఇదియొక చిక్కు. సంఘమున్నంతకాలము బయటివానికిని మంచి ధర వచ్చును. ఆ ధరకై అందరును బయటికి పోయినచో సంఘముండదు. అది పోయిననాడు ధరయు పోవును. ప్రైవేటువారిని నేను దుర్మార్గులనను. వర్తకుని ధర్మము తక్కువకు గొనుట. పెక్కురు సకాలమున పైకమిచ్చుచున్నారు. కొన్ని యూళ్లలో వారు లేనిచో పాలమ్ముకొను దారియే లేదు. వారితో పోటీగా మన త్రాసు గూడ నొకటి ఊర నుండవలెనని మాత్రమే నా మాట. దానిని నిలుపునది వాటాసొమ్ము కొంత, వేసవి పాలు కొంత. నన్నడిగిన వేసవి పాలే ఎక్కువ. ఐదువేలిచ్చి వేసవిలో పాలు వేరొకచోట బోయువాడు సంఘమునకు సగము సభ్యుడు గూడ గాడు.

క్షీరసాగరమును చిలికినపుడు ముందు పుట్టినది అమృతము గాదు, హాలాహలము. మొదటి యేడు ఏ సంఘమునకైనను ఖర్చులే గాని మిగులుండదు. తొట్టి కిస్తులు, కరెంటు బిల్లు, విరిగిన పాల నష్టము. ఆ యేటి లెక్క చూచి లేచిపోవువారు ముందే చేరకుండుట మంచిది. ఈ మాట మా పడుచువాండ్రు దాచవలెనని చూచిరి, దాచవలదంటిని. మొదటి యేట బోనసుండదని రచ్చచావడిలో బిగ్గరగా జెప్పించితిమి. డెబ్బదియిండ్లవారు చేరుదురనుకొనగా నలువది యొక్క యిండ్లే చేరినవి. చేరినవారు తెలిసి చేరిరి.

పాత కార్యదర్శిగారు నేడు లేరు. వారి యింట అటుకమీద 1998 నాటి పుస్తకము దొరికినదని వారి మనుమడు తెచ్చి నా కిచ్చెను. వరుసగా పేర్లు, పూట, లీటర్లు, వెన్నశాతము. నా పేరున కడపటి పద్దు నెలాఖరు సాయంకాలపుది: రెండు లీటర్లు. దాని క్రింద వారు స్కేలు పెట్టి తిన్నగా గీత గీసిరి. ఆ పుస్తకమును క్రొత్త సంఘమువారికే యిచ్చివేసితిని.

ఉగాది వెళ్లిన వారమున పాలు పోయుట మొదలైనది. క్రొత్త పుస్తకమున మా యింటిదాని పేరు పదునాలుగవది. ఎండలు ముదిరినవి. ప్రైవేటువారు మొన్న ఇంకను రెండు రూపాయలు పెంచిరి. వేపచెట్టు క్రింద బల్లవద్ద పొద్దుటిపూట మనుషులు బాగుగనే యుందురు. మా గేదె దినమునకు నాలుగు లీటర్లిచ్చుచున్నది. ఇంటికి అరలీటరు ఉంచుకొని, తక్కిన మూడున్నరయును ఆ బల్లముందునుండియే నేను సంఘమునకు మోసికొనిపోవుచున్నాను.